అచ్చుకి ఇచ్చే ముందు మా పర్లాకిమిడి పాఠకుల్ని ఒక్క మాట అడగండి

తెలుగు పుస్తకాలు అచ్చువేసే పెద్దలకు, పుస్తకాల ఎగ్జిబిషన్లు నడిపేవారికి నమస్కారం.

నేను ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడిలో చిన్న పుస్తకాల కొట్టు నడుపుతున్నాను. మా మావయ్యగారు పెట్టిన కొట్టు అది. ఒక పక్క నోటు పుస్తకాలు, పెన్నులు, జెరాక్స్ మిషను. ఇంకో పక్క తెలుగు పుస్తకాలు. నవలలు, కవితలు అడిగేవాళ్ళు మా దగ్గర తక్కువ. వ్రతకల్పాలు, స్తోత్రాలు, పంచాంగాలు, వంటలు, పచ్చళ్ళు, కుట్టుపని, చిట్కా వైద్యం, భూముల చట్టాలు, జోకులు, హాస్య కథలు ఎక్కువ పోతాయి. ఊళ్ళోవాళ్ళే కాదు, గుణుపురం నుంచి, రాయగడ నుంచి వచ్చినవాళ్ళు కూడా బస్సు టైము చూసుకుంటూ కొని పట్టుకెళ్తారు.

ఈ పుస్తకాల గురించే మీతో మాట్లాడాలి. కవితా సంపుటి వస్తే ఆవిష్కరణ సభ ఉంటుంది, ఆదివారం పేపర్లో సమీక్ష వస్తుంది. వరలక్ష్మీ వ్రతం పుస్తకానికి సమీక్ష రాసినవాళ్ళని నేనింతవరకు చూడలేదు. బ్లౌజు కటింగ్ పుస్తకం బాగుందో లేదో ఏ పత్రికా చెప్పదు. కానీ వీటికి విమర్శకులు ఉన్నారు. మా కొట్టు బల్ల ముందు నిలబడి మొహమాటం లేకుండా చెప్తారు. వాళ్ళు పుస్తకాన్ని చదివి పక్కన పెట్టరు, దాన్ని పట్టుకుని పని చేస్తారు. పీట మీద పెట్టుకుని పూజ చేస్తారు, మిషను పక్కన పెట్టుకుని గుడ్డ కత్తిరిస్తారు. తప్పు ఎక్కడుందో వాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. వాళ్ళ మాటలు నా దాకా వచ్చి ఆగిపోతున్నాయి. మీ దాకా చేర్చాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు దేవుడి పుస్తకాల సంగతి. అందరూ అనే మొదటి మాట, అక్షరాలు చిన్నవి. స్తోత్రాల పుస్తకాలు కొనేవాళ్ళలో ఎక్కువమంది అరవై దాటిన ఆడవాళ్ళు. తెల్లవారుజామున దీపం పెట్టుకుని చదువుతారు. ఆ వెలుతురులో చిన్న అక్షరం, అందులోనూ ఒత్తు మీద ఒత్తు ఉన్న అక్షరం కనబడదు. పాకెట్ సైజు పుస్తకం చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, పక్కింటికి పంచిపెట్టడానికి పనికొస్తుంది, చదవడానికి మాత్రం కాదు. ఒకావిడ తన పాత సహస్రనామం పుస్తకం అట్ట ఊడిపోయి, కాగితాలు పసుపెక్కిపోయినా దారంతో కుట్టించుకుని వాడుతోంది. కొత్తది ఇస్తానంటే వద్దంది. పాతదాంట్లో ఏ నామానికి ఆ నామం విడిగా అచ్చయింది. కొత్తవాటిలో చాలావరకు సంధులు కలిపేసి లైను మొత్తం ఒకే ముద్దగా వేస్తున్నారు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియక తప్పు చోట విరుస్తున్నాం, అర్థం మారిపోతోందేమోనని భయంగా ఉంటోంది అని ఆవిడ బాధ. ఇది తీర్చడానికి పండితులు కూడా అక్కర్లేదు. విడగొట్టి వేస్తే చాలు. నాలుగు పేజీలు పెరుగుతాయి, ఆ పదో పదిహేనో రూపాయలు ఎక్కువ పెట్టడానికి మా వాళ్ళు సిద్ధంగా ఉన్నారు. నేను అడిగి తెలుసుకునే చెప్తున్నాను.

తర్వాత మాట తాత్పర్యాల గురించి. శ్లోకం కింద ఇచ్చే తెలుగు కూడా శ్లోకమంత గట్టిగా ఉంటోంది. "తాత్పర్యానికి ఇంకో తాత్పర్యం కావాలమ్మా" అని ఒక రిటైర్డ్ మాస్టారు నాతో అన్నారు. ఆయన తెలుగు బాగా చదువుకున్న మనిషి. ఆయనకే అలా ఉంటే, ఒడియా మీడియంలో చదివి ఇంట్లో అమ్మ దగ్గర తెలుగు నేర్చుకున్న అమ్మాయి పరిస్థితి ఏమిటి?

ఆ అమ్మాయిల సంగతి మీరు ప్రత్యేకంగా వినాలి. ఇక్కడ పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, లేదా ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు ధారాళంగా మాట్లాడతారు, అక్షరం దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. పెళ్ళయ్యాక అత్తగారు వ్రతం పుస్తకం చేతికిస్తే కూడబలుక్కుని చదువుతారు. కథ అరగంటలో అవ్వాల్సింది గంట దాటుతుంది. పిల్ల సిగ్గుపడుతుంది, పెద్దవాళ్ళు విసుక్కుంటారు. వీళ్ళకి కావలసింది పెద్ద తెలుగు అక్షరాలు, ప్రతి లైను కింద అదే లైను ఒడియా లిపిలో. భాష తెలుగే, సాయానికి మాత్రం తెలిసిన లిపి. అలాంటి వ్రతం పుస్తకం ఎవరైనా వేస్తే పర్లాకిమిడి నుంచి మా ఒడిశాలోని జయపురం దాకా కొనే ఇళ్ళు ఉన్నాయి. రెండేళ్ళు అలా చదివితే కింది లైను చూడకుండానే పై లైను చదివేస్తారని నా నమ్మకం.

పంచాంగం దగ్గర మా పాఠకులు ఇంకా గట్టిగా పట్టుకుంటారు. తిథి, నక్షత్రం ముగిసే టైము గడియారం ప్రకారం దేశమంతా ఒకటే. సూర్యోదయం అలా కాదు. రేఖాంశం ఒక డిగ్రీ తూర్పుకి జరిగితే 4 నిమిషాలు ముందు తెల్లవారుతుంది. హైదరాబాదు 78.5 డిగ్రీల దగ్గర ఉంటే మా ఊరు 84 డిగ్రీల దగ్గర ఉంది. అంటే మాకు 20 నిమిషాలకు పైనే ముందు పొద్దు పొడుస్తుంది. సూర్యోదయానికి ఉన్న తిథినే ఆ రోజు తిథిగా తీసుకుంటాం కాబట్టి, తిథి సరిగ్గా ఆ వేళకే మారితే మీ పుస్తకంలో ఒక రోజు, మాకు ఇంకో రోజు అవుతుంది. రాహుకాలం పగటిని ఎనిమిది భాగాలు చేసి లెక్కకట్టేది, దుర్ముహూర్తం పదిహేను భాగాలు చేసి కట్టేది. రెండూ సూర్యోదయం మీదే ఆధారపడ్డాయి. మా పురోహితులు ఈ తేడా చేత్తో సవరించుకుంటారు. మామూలు జనానికి ఆ సంగతి తెలియదు, పుస్తకంలో ఉన్నదే పాటిస్తారు. ఏ ఊరి సూర్యోదయానికి గణించారో అట్ట మీద పెద్దగా వేసి, వెనక పేజీలో సరిహద్దు ఊళ్ళకి ఎన్ని నిమిషాలు తీసేయాలో చిన్న పట్టిక ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు.

మార్గశిరం వచ్చిందంటే నా కొట్లో ఒకటే ప్రశ్న. ఇక్కడ ఒడియా వాళ్ళు మాణబసా గురుబారం చేస్తారు, మనం మార్గశిర లక్ష్మివారాలు చేస్తాం. రెండూ లక్ష్మీదేవికే, రెండూ గురువారాలే. ఒడియా వాళ్ళ లెక్కలో పౌర్ణమి మర్నాటి నుంచి నెల మొదలు, మన లెక్కలో అమావాస్య మర్నాటి నుంచి. అందుకే వాళ్ళ మార్గశిరం మనకంటే ఒక పక్షం ముందు మొదలవుతుంది. పక్కింట్లో ముగ్గులు పడిపోయాయి, మనం ఎందుకు మొదలుపెట్టలేదని కోడళ్ళు అడుగుతారు. ఒడియా ఇంటి పిల్ల తెలుగింటి కోడలైనచోట, తెలుగు పిల్ల ఒడియా ఇంటికి వెళ్ళినచోట ఇది టెన్షన్ కూడా తెస్తుంది, ఎవరి వారం లెక్కలోకి వస్తుందని. ఈ నాలుగు లైన్లు ఒక్క వ్రతం పుస్తకంలోనూ ఉండవు. ఎందుకుండవంటే, ఇలాంటి ఇల్లు ఒకటి ఉంటుందని పుస్తకం వేసేవారికి చెప్పినవాళ్ళు లేరు.

ఇంకో మాట. ఇది నా సొంత అభిప్రాయం కూడా. ఈ వ్రతం మధ్యలో మానితే ఇలా అవుతుంది, ఈ స్తోత్రం తప్పు చదివితే అలా అవుతుందని భయపెట్టే పుస్తకాలు ఎక్కువైపోయాయి. పరిహారాల పుస్తకాలు మరీను. ఒక అమ్మాయి అలాంటి పుస్తకం కొన్న రెండో రోజే వెనక్కి పట్టుకొచ్చింది. పాప జ్వరంతో ఉంది, ఒక వారం పూజ తప్పింది, పుస్తకంలో రాసింది చదివి రాత్రంతా నిద్రపోలేదట. నేను డబ్బులు తిరిగిచ్చేశాను. అలాంటివి ఇక తెప్పించడం మానేశాను. దేవుడి మీద ప్రేమతో పుస్తకం కొన్న మనిషికి భయం అమ్మకండి.

ఇక పనికొచ్చే పుస్తకాలు. మా ఊళ్ళో ఒక టైలరమ్మ ఉంది. మిషను కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించింది. కొత్త మోడళ్ళు నేర్చుకోవాలని కటింగ్ పుస్తకం కొంది. కొన్ని రోజుల తర్వాత వచ్చి, పుస్తకం బల్ల మీద పరిచి నాకు చూపించింది. కటోరీ బ్లౌజు బొమ్మ కుడి పేజీలో ఉంది, దాని కొలతలు ఆ పేజీ తిప్పితే వెనక ఉన్నాయి. ఒక చేత్తో గుడ్డ పట్టుకుని, ఇంకో చేత్తో సుద్దముక్కతో గీత గీస్తున్న మనిషి ప్రతి గీతకీ పేజీ తిప్పాలి. పుస్తకం తెరిచి పెడితే తెరిచినట్టు ఉండదు, గమ్ము బైండింగు కాబట్టి టప్పున మూసుకుపోతుంది. మూసుకుపోకుండా దాని మీద కత్తెర పెడితే, గుడ్డ కత్తిరించడానికి ఆ కత్తెరే కావలసివస్తుంది. పైగా ముందు మెడ కొలత అంగుళాల్లో, చంక కొలత సెంటీమీటర్లలో. "రాసినావిడకి కుట్టుపని బాగా వచ్చు, పుస్తకం వేసినాయన మాత్రం ఎవరూ కుడుతుండగా చూడలేదు" అంది. ఇంతకంటే మంచి సమీక్ష ఎవరు రాయగలరు? ఒక్క మాట అనవసరమైంది లేదు. పుస్తకంలో మంచి కూడా చెప్పింది. చేతుల దగ్గర ముడతలు ఎందుకొస్తాయో అందులో రాసినంత వివరంగా తనకి నేర్పినవాళ్ళు కూడా చెప్పలేదట.

బైండింగు మాట వంటల పుస్తకాలు కొనేవాళ్ళూ అంటారు, పూజ చేసేవాళ్ళూ అంటారు. తడి చెయ్యి, పసుపు చెయ్యి, నూనె చెయ్యి తగిలే పుస్తకాలివి. తెరిస్తే పరుచుకుని ఉండాలి, కాగితం కొంచెం దళసరిగా ఉండాలి. అట్ట మీద నాలుగు రంగుల బొమ్మకి పెట్టే డబ్బు లోపల దారం కుట్టుకి పెట్టమని మా వాళ్ళ మాట.

పచ్చళ్ళ పుస్తకాల్లో కొలతలన్నీ కప్పుల్లో ఇస్తున్నారు. ఏ కప్పు? కల్లుప్పు కప్పుతో కొలిస్తే ఒక తూకం, మెత్తటుప్పు అదే కప్పుతో కొలిస్తే ఇంకా ఎక్కువ తూకం. కొత్తగా పెళ్ళైన పిల్ల మెత్తటుప్పు వేసి ఆవకాయ పెడితే నోట్లో పెట్టుకోలేకపోయారు. కప్పు పక్కన గ్రాములు కూడా రాయండి. ఏ ఉప్పో రాయండి.

భూముల పుస్తకాల దగ్గర నష్టం ఇంకా పెద్దది. మీ పుస్తకాలన్నీ అడంగల్, 1బి, పహాణీ అని ఆంధ్ర, తెలంగాణ భూమి రికార్డుల పేర్లే చెప్తాయి. మాకు ఒడిశా ప్రభుత్వం వారి భూలేఖ్ సైటులో పట్టా చూసుకోవాలి, కాగితమంతా ఒడియాలో ఉంటుంది. తెలుగు మాత్రమే చదవగలిగిన ముసలాయన తన పొలం కాగితం తనే చదువుకోలేడు. తెలంగాణలో 40 గుంటలు ఒక ఎకరం. ఒడిశాలో 25 గుంఠలకే ఎకరం. తెలుగు పుస్తకం చూసి లెక్క వేసుకున్న మనిషి అమ్మేటప్పుడో పంచుకునేటప్పుడో ఎంత పోగొట్టుకుంటాడో ఆలోచించండి. ఇక్కడి కాగితాల్లో డెసిమల్ అన్నా, మీ పుస్తకాల్లో సెంటు అన్నా ఎకరంలో వందో వంతే. ఇలాంటివన్నీ చెప్పే ఒక చిన్న పుస్తకం, ఒడియా పట్టాలో ఏ గడిలో ఏముంటుందో తెలుగులో చూపించే పుస్తకం, అరవై పేజీలు చాలు. దాన్ని అడిగినవాళ్ళకి ఇన్నాళ్ళూ లేదని చెప్పి పంపిస్తూనే ఉన్నాను.

మహారాష్ట్ర వైపు సిరొంచలో ఉండే మా చుట్టాలదీ ఇదే మాట. అక్కడ సాత్‌బారా అనే పొలం కాగితం మరాఠీలో ఉంటుంది. గోదావరి దాటితే కాళేశ్వరం, అవతల ఒడ్డున కావలసినన్ని తెలుగు పుస్తకాలు, అన్నీ తెలంగాణ ఆఫీసుల గురించే.

హాస్యం పుస్తకాలు నవ్వుకోవడానికే కదా, వాటికి అభిప్రాయాలేమిటని మీరు అనుకోవచ్చు. మా దగ్గర వాటిని ఎక్కువగా కొనేది ఎవరో చెప్తాను. బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రికి మనిషిని తీసుకెళ్తున్నవాళ్ళు. బట్టల సంచీ, ఫ్లాస్కుతో వచ్చి "ఏదైనా నవ్వొచ్చే పుస్తకం ఉంటే ఇవ్వమ్మా" అంటారు. వార్డు బయట రాత్రుళ్ళు కూర్చోవాలి, ఫోను చార్జింగు ఉండదు, మనసు ఊరికే చెడ్డ ఆలోచనల మీదకి పోతుంది. తిరిగొచ్చాక వాళ్ళు చెప్పే మాటలు నేను జాగ్రత్తగా వింటాను. రెండు మూడు పేజీల్లో అయిపోయే ముక్కలు కావాలంటారు, నర్సు పిలిస్తే లేవాలి కనుక. మంచంలో ఉన్న మనిషికి చదివి వినిపించేలా ఉండాలంటారు. అందుకే భార్యని బండగా, అత్తని రాక్షసిలా చేసి వేసే జోకులు వాళ్ళకి నచ్చవు. మంచం మీద ఉన్నది ఆ భార్యో ఆ అత్తగారో అయి ఉంటుంది. ఒకాయన, భార్యకి ఆపరేషనై పడుకుని ఉంటే జోకుల పుస్తకం తీసి, చదవగలిగిన పేజీ కోసం వెతికి వెతికి మూసేశానన్నాడు. అదే షెల్ఫులో ఉన్న పాత హాస్య కథల పుస్తకం పట్టుకెళ్ళినాయన మాత్రం పక్క మంచాల వాళ్ళు కూడా దగ్గరికి జరిగి విన్నారని సంతోషంగా చెప్పాడు.

ఫోన్లో వచ్చేసిన జోకుల్నే ఏరి పుస్తకం చేస్తున్నారని కుర్రాళ్ళు పట్టేస్తారు. వాళ్ళు మళ్ళీ కొనరు.

మా అందర్నీ నొప్పించేది ఇంకొకటి ఉంది. హాస్యం పుస్తకంలో దొంగకి, పనివాడికి, తెలివితక్కువవాడికి మా ఉత్తరాంధ్ర యాస పెడతారు. తెలివైనవాడు పుస్తకంలో భాష మాట్లాడతాడు. మా వీధుల్లో డాక్టర్లు, లెక్చరర్లు, లాయర్లు, వ్యాపారస్తులు అదే యాసలో మాట్లాడుకుంటారు. మా అబ్బాయి చిన్నప్పుడు ఒక కథ చదివి, ఇందులో మనలా మాట్లాడేవాళ్ళందరూ ఎందుకమ్మా వెర్రివాళ్ళు అని అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఒడియా బడిలో చదివి, కష్టపడి తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివిన పిల్లాడికి ఆ పుస్తకం ఇచ్చింది అదీ. మా యాసలో నవ్వు బోలెడంత ఉంది. మేం నవ్వుకునే నవ్వు రాయండి, సంతోషంగా కొంటాం.

గిడుగు రామమూర్తిగారు 1880లో మా ఊరి బడికి మాస్టారుగా వచ్చారు. ఇక్కడే ఉండి, ఈ కొండల్లోని సవర గిరిజనుల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని పాటుపడ్డారు. జనం మాట్లాడే తెలుగులో పుస్తకాలు రావాలని పోరాడిందీ ఈ ఊళ్ళో ఉండే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా మీరందరూ సభలు పెట్టి చేస్తారు. ఆయన మాటలు తల్చుకోవడంతో పాటు ఆయన పని చేసిన పద్ధతి కూడా తల్చుకోమని అడుగుతున్నాను. పుస్తకం ఎవరి కోసమో వాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళని విని రాశారాయన.

మీరు చేయగలిగినవి పెద్ద పనులేం కావు. ప్రతి పుస్తకం చివర ఒక పేజీ ఖాళీగా వదిలి, ఇందులో ఏం బాగుంది, ఏం బాగులేదు అని అడగండి. వాట్సాప్ నంబరు ఒకటి ఇవ్వండి, రాయలేనివాళ్ళు మాట్లాడి పంపిస్తారు. వచ్చిన మాటల్ని మళ్ళీ అచ్చు వేసే ముందు ఎవరో ఒకరు కూర్చుని వినండి. సరిచేసిన పుస్తకం మీద ఏం సరిచేశారో రెండు లైన్లు వేయండి, చెప్పినవాళ్ళకి తమ మాట చేరిందని తెలుస్తుంది. స్తోత్రాల ప్రూఫు ఒకసారి రోజూ పారాయణ చేసే మనిషి చేత చదివించండి. విజయవాడలో, హైదరాబాదులో జరిగే ఎగ్జిబిషన్లలో రచయితలతో ముఖాముఖి పెడతారు కదా, అక్కడే ఒక సాయంత్రం ఒక టైలరు, ఒక వంటమనిషి, ఒక పురోహితుడు, రాత్రంతా ఆసుపత్రిలో కూర్చుని జోకుల పుస్తకం చదివిన మనిషి మాట్లాడేలా చూడండి.

ఒకసారి మా వైపు రండి. రథయాత్రకి మా ఊరు జనంతో నిండిపోతుంది, చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా తెలుగువాళ్ళు వస్తారు. నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే రైలు మా ఊళ్ళో ఆగుతుంది, పాతపట్నం వైపు నుంచి ఆటోలో కూడా వచ్చేయొచ్చు. కొట్టు ముందు టెంటు, బల్లలు, మంచినీళ్ళు నేను చూసుకుంటాను. మీ పుస్తకాలు తెచ్చి పెట్టుకోండి, అమ్ముకోండి, వచ్చినవాళ్ళు చెప్పింది రాసుకోండి. కటింగ్ పుస్తకం వేసినవారు మాత్రం తప్పకుండా రావాలి. ఏ బొమ్మ ఏ కొలతల పక్కన ఉండాలో మా టైలరమ్మ తన కాపీలో పేజీ పేజీకీ పెన్సిల్‌తో గుర్తులు పెట్టి ఉంచింది.

ఇట్లు
ఒక పుస్తకాల కొట్టు నడిపే మనిషి,
పర్లాకిమిడి